ల్యాప్‌టాప్ కొనే ముందు మూడు ప్రశ్నలు

 

కళాశాలలు తెరుచుకునే రోజులలో మా వద్దకు వచ్చే ప్రశ్నల తీరు మారుతుంది. రమజాన్‌లో జకాత్ లెక్కలు, బక్రీద్ ముందు ఖుర్బానీ నియమాలు అడిగినవారే అప్పుడు ఫీజుల గురించి, హాస్టళ్ల గురించి అడుగుతారు. కొన్ని సంవత్సరాలుగా ఆ జాబితాలో మరొక వస్తువు చేరింది. అదే ల్యాప్‌టాప్.

మొన్నొక రోజు అసర్ నమాజు తరువాత ఒక సోదరుడు మా కోసం మస్జిదు మెట్ల మీద వేచి ఉన్నారు. వృత్తిరీత్యా దర్జీ. పాఠశాలల యూనిఫారాలు కుట్టి కుటుంబాన్ని పోషిస్తున్నారు. ఆయన చేతిలో రెండు కాగితాలున్నాయి. రెండూ దుకాణంవారు ఇచ్చినవే. మొదటి దాని మీద 19,990 రూపాయల ల్యాప్‌టాప్ బొమ్మ ఉంది. బరువు 1.2 కిలోలు, పలక లాగా పలుచన. రెండవ దాని ధర 36,000 రూపాయలు. నెలకు 3,000 చొప్పున 12 నెలలు కడితే చాలునని, వడ్డీ ఏమీ లేదని దాని మీద పెద్ద అక్షరాలతో ముద్రించి ఉంది.

"మౌలానా గారూ! వడ్డీ లేదంటున్నారు. తీసుకోవచ్చునా? లేక చేతిలో ఉన్న డబ్బుతో ఈ చిన్నది కొనమంటారా?" అని ఆయన అడిగారు.

ఆయన అడిగినది చెల్లింపును గురించి మాత్రమే. కాని ఆ సాయంత్రం మా సంభాషణ మగ్రిబ్ అజాన్ వరకు సాగింది. ఒక ప్రశ్నకు సమాధానం చెప్పబోతే దాని ముందు మరొక ప్రశ్న నిలబడింది. అనేక కుటుంబాలకు ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఆ సంభాషణ సారాంశాన్ని ఈ నెల ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మొదటి ప్రశ్న: ఎవరి కోసం?

"ఇంతకీ ఇది ఎవరి కోసం భాయ్?" అని మేము అడిగాము.

"అబ్బాయి కోసం" అన్నారాయన. కుమారుడు ఒక మందుల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూస్తున్నాడు. రాత్రిపూట ఇంటి వద్ద మరికొందరు వ్యాపారుల జి.ఎస్.టి. లెక్కలు రాసి నాలుగు రూపాయలు సంపాదించాలని అతని ఆలోచన. అది మెచ్చదగినదే. కష్టార్జితం కోసం ఆరాటపడే యువకుడిని ఎవరు మాత్రం కాదంటారు?

"అమ్మాయి ఏం చదువుతోంది?"

"బి.కామ్ కంప్యూటర్స్, మొదటి సంవత్సరం."

"మరి ఆమె దేని మీద నేర్చుకుంటోంది?"

"వాళ్ల అమ్మ ఫోను ఉంది కదండీ. ప్రాజెక్టు పని ఏదైనా ఉంటే నెట్ సెంటరుకు వెళ్తుంది."

ఈ సమాధానం విని మేము కొద్దిసేపు మౌనంగా ఉండిపోయాము. దానికి కారణం మా ఇంట్లోనే ఉంది.

2020లో విద్యాసంస్థలు మూతబడి చదువులన్నీ తెర మీదికి వచ్చినప్పుడు మేము కూడా ఒక ల్యాప్‌టాప్ కొన్నాము. కుమారుడి చేతికి ఇచ్చాము. కుమార్తె తల్లి ఫోను పట్టుకుని వంటింటి గడపలో కూర్చుని పాఠాలు వినేది. ఆమె ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. ఫిర్యాదు చేయకపోవడాన్ని మేము తృప్తి అనుకున్నాము. ఒకరోజు ఆమె నోటు పుస్తకం తిరగవేస్తే ఒక పేజీ నిండా పెన్సిలుతో గీసిన గళ్లు కనిపించాయి. పైన ఎ, బి, సి అనే అక్షరాలు, పక్కన 1, 2, 3 అంకెలు. ఎక్సెల్ పట్టికను ఆమె కాగితం మీద గీసుకుని, కూడికల సూత్రాలను గళ్లలో రాసుకుని అభ్యాసం చేస్తోంది. పక్క గదిలో ల్యాప్‌టాప్ ఉంది. అది తనది కాదని ఆమెకు మేమే, ఒక్క మాట కూడా అనకుండా, నేర్పించాము.

హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) చిన్నతనంలో జరిగిన సంఘటనను మేము విద్యార్థులకు ఎన్నోసార్లు బోధించి ఉంటాము. ఆయన తండ్రి ఆయనకు ఒక కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండవలసిందిగా దైవప్రవక్త (స) వద్దకు వెళ్లారు. సంతానమందరికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) విచారించారు. లేదని తెలుసుకుని, అల్లాహ్‌కు భయపడమని, పిల్లల మధ్య న్యాయం పాటించమని ఆదేశించారు. తండ్రి ఆ కానుకను వెనక్కి తీసుకున్నారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. తరగతి గదిలో బోధించిన పాఠం మా ఇంటి గడప దాటి లోపలికి రావడానికి ఒక నోటు పుస్తకం కావలసి వచ్చింది.

ఈ విషయం ఆ సోదరుడితో దాచకుండా చెప్పాము. తరువాత ఇలా అడిగాము: "అబ్బాయి పనిచేసే చోట కంప్యూటరు ఉంది కదా?" ఉందన్నారు. "అమ్మాయికి ఎక్కడ ఉంది?" ఆయన తల వంచుకున్నారు.

హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథాల జకాత్ అధ్యాయంలో 'హాజతె అస్లియ్యా', అంటే మౌలిక అవసరాలు అనే చర్చ ఉంది. నివసించే ఇల్లు, ధరించే దుస్తులతోపాటు చేతివృత్తులవారి పనిముట్లను, విద్యావంతుల గ్రంథాలను కూడా పండితులు ఆ కోవలో చేర్చారు. వాటిపై జకాత్ లేదు. వందల సంవత్సరాల క్రితమే పనిముట్టును, పుస్తకాన్ని విలాసంగా కాక అవసరంగా గుర్తించారన్నమాట. నేటి ల్యాప్‌టాప్ ఒకే సమయంలో ఆ అబ్బాయికి పనిముట్టు, ఈ అమ్మాయికి పుస్తకం. ఇద్దరికీ దాని మీద హక్కు ఉంది. ముందు ఈ సంగతి తేలాలి. తేలిన తరువాతే దుకాణానికి వెళ్లాలి. ఎందుకంటే ఎవరు మోస్తారు, ఏ పని చేస్తారు అన్నది తెలియనిదే ఏది కొనాలో తెలియదు.

రెండవ ప్రశ్న: ఎలాంటిది?

"మీరు కుట్టుమిషన్ కొనేటప్పుడు ఏం చూస్తారు?" అని అడిగాము. ఆయన ముఖం వికసించింది. మోటారు, దారం తెగకుండా నడవడం, విడిభాగాలు దొరకడం, ఇలా చెప్పుకుపోయారు. రంగు గురించి ఒక్క మాట లేదు. "ఇదీ అంతే" అన్నాము.

షరీఅత్ లక్ష్యాలను వివరిస్తూ ఇమామ్ గజాలీ, ఆ తరువాత ఇమామ్ షాతిబీ (రహిమహుముల్లాహ్) మానవ ప్రయోజనాలను మూడు అంతస్తులుగా విభజించారు. జరూరియ్యాత్, అంటే అవి లేనిదే బ్రతుకు నిలవనివి. హాజియ్యాత్, అంటే అవి లేకపోతే ఇబ్బంది కలిగేవి. తహ్‌సీనియ్యాత్, అంటే శోభను చేకూర్చేవి. ఆ మహనీయుల చర్చ ఎంతో ఉన్నతమైనది. అయినా ఇంటి ఖర్చులను తూచుకోవడానికి కూడా ఆ వరుస మనకు ఉపకరిస్తుంది. ల్యాప్‌టాప్‌ను ఆ మూడు అంతస్తులలో పెట్టి చూద్దాం.

అది లేనిదే యంత్రం పనికిరానిది మొదటి అంతస్తు. ఇందులో ముందు వచ్చేది ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపు వాడుకునే జ్ఞాపకశక్తి. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస పరిమితి 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. నిల్వ. కనీసం అంటే యంత్రం తెరుచుకోవడానికి సరిపోయేది. టాలీ, ఎక్సెల్, బ్రౌజరులో నాలుగు పేజీలు ఒకేసారి తెరిస్తే 4 జి.బి. చాలదు. 8 జి.బి.కి తగ్గకూడదు. తరువాత పెంచుకోవడానికి ఖాళీ స్థానం ఉందో లేదో కూడా అడగాలి. పలుచని ల్యాప్‌టాప్‌లు చాలా వాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. కొన్ననాడు ఎంత ఉందో చివరివరకు అంతే.

రెండవది నిల్వ. ఎస్.ఎస్.డి. వేరు, ఇ.ఎం.ఎం.సి. వేరు. రెండూ తిరిగే పళ్లెం లేనివే కనుక దుకాణంవారు రెండింటినీ ఒకే గాటన కట్టి చెప్తారు. ఇ.ఎం.ఎం.సి. వేగం తక్కువ, సాధారణంగా బోర్డుకే అతికించి ఉంటుంది, పరిమాణం కూడా చిన్నది. ఆ 19,990 రూపాయల కాగితాన్ని మేము కళ్లద్దాలు పెట్టుకుని చదివాము. చిన్న అక్షరాలలో 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. ఇ.ఎం.ఎం.సి. అని ఉంది. ఆ 64లో పెద్ద భాగాన్ని విండోసే ఆక్రమిస్తుంది. మిగిలినది కాలక్రమేణా వచ్చే అప్‌డేట్లకే ఇరుకవుతుంది. మూడు సంవత్సరాల డిగ్రీకి కొన్నది మొదటి సంవత్సరంలోనే మొరాయిస్తే ఆ 19,990 రూపాయలు పొదుపు కాదు. 256 జి.బి. ఎస్.ఎస్.డి. ఉంటే చదువుకు, లెక్కలకు సరిపోతుంది. 512 ఉంటే నిశ్చింత.

మూడవది ప్రాసెసర్. ఇక్కడ కొత్త పేరును చూసి కొత్త సరుకు అనుకోకూడదు. ఉదాహరణకు ఏ.ఎం.డి. వారి రైజన్ 3 7320యు 2022లో వచ్చింది. కాని దాని లోపలి నిర్మాణం 'జెన్ 2', అంటే 2019 నాటిది. ఆ సంఖ్యలోని మూడవ అంకె 2 దానినే సూచిస్తుంది. పత్రాలు, లెక్కలు, ఆన్‌లైన్ తరగతులకు అది చాలు. అయితే కొత్తదాని ధర ఇవ్వకూడదు, అంతే. ఇంటెల్ ఎన్100 వంటివి విద్యుత్తు తక్కువగా వాడుతాయి, తేలికపాటి పనులకు సరిపోతాయి. కోర్ ఐ3 1215యు వాటికంటే బలమైనది. ఒకేసారి రెండు మూడు పనులు తెరిచి ఉంచేవారికి దీనితో సుఖం.

లేకపోతే ఇబ్బంది కలిగేవి రెండవ అంతస్తు. బరువు ఇక్కడికి వస్తుంది. ఆ అమ్మాయి బస్సులో నిలబడి ప్రయాణిస్తుంది. భుజాన పుస్తకాలు, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ సాధారణంగా 1.6 నుండి 1.8 కిలోలు తూగుతుంది. ఛార్జరు కలిస్తే రెండు కిలోలు. 14 అంగుళాలది 1.3 నుండి 1.5 కిలోలలో దొరుకుతుంది. రోజూ మోసేవారికి ఆ తేడా తెలుస్తుంది. బల్ల మీద నుండి కదలని ల్యాప్‌టాప్‌కు మాత్రం తేలికదనం కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వనవసరం లేదు.

ఇక్కడొక కిటుకు ఉంది. తేలికదనం రెండు విధాలుగా వస్తుంది. మంచి లోహం, పొందికైన అమరికతో వచ్చే తేలికదనానికి ధర ఎక్కువ. తక్కువ ధరలో తేలికదనం వచ్చిందంటే ఏదో ఒకటి తగ్గించి ఉంటారు. తరచుగా తగ్గించేది బ్యాటరీ. కాబట్టి ఎన్ని గంటలు వస్తుందని దుకాణదారుని అడగకండి, ఎన్ని వాట్-అవర్లని అడగండి. 40 వాట్-అవర్ల బ్యాటరీ, 8 వాట్లు వాడే పని అయితే 5 గంటలు వస్తుంది. 30 వాట్-అవర్లయితే 4 గంటలకంటే తక్కువ. ఇది మన పిల్లలు చేయగలిగిన భాగహారమే.

తెరను కూడా ఇక్కడే చూడాలి. 1366×768 చుక్కల తెరకంటే 1920×1080 తెరలో చుక్కలు దాదాపు రెట్టింపు. అరబీలో జేర్ జబర్‌లు, తెలుగులో ఒత్తులు, గుడి-దీర్ఘాలు చదివేటప్పుడు ఆ తేడా కళ్లకు తెలుస్తుంది. ఐ.పి.ఎస్. రకం తెర అయితే పక్క నుండి చూసినా రంగు మారదు. అన్నాచెల్లెళ్లు పక్కపక్కన కూర్చుని చూసే ఇంటికి అది మేలు.

ఇక మూడవ అంతస్తు. తాకితే పనిచేసే తెర, వేలిముద్ర, మెరిసే రంగు, ఆటల కోసం పెట్టిన గ్రాఫిక్స్ కార్డు. ఇవి నిషిద్ధమైనవి కావు. కాని పై రెండు అంతస్తులు నిండకుండా వీటికి డబ్బు పెట్టడం, పైకప్పు వేయకుండా గోడలకు రంగు వేయడం వంటిది. ఖర్చు చేసేటప్పుడు దుబారాకు గాని పిసినారితనానికి గాని పోకుండా మధ్యేమార్గంలో నిలిచేవారిని దివ్యఖుర్ఆన్ ఫుర్ఖాన్ సూరా (25:67)లో ప్రశంసించింది. ఆ 19,990 రూపాయలది అవసరాన్ని తీర్చని పిసినారితనం కాగలదు. లక్ష రూపాయలది దుబారా కాగలదు. తూకం మధ్యలో ఉంది.

ఒక మాట సాఫ్ట్‌వేర్ గురించి. విండోస్ లేకుండా తక్కువ ధరకు అమ్మే ల్యాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి. "అయిదు వందలిస్తే అన్నీ వేసిస్తాం" అనేవారూ ఉన్నారు. వారు వేసేది తాళం పగలగొట్టిన సరుకు. ఇతరుల శ్రమను అనుమతి లేకుండా వాడుకోవడం అమానతుకు విరుద్ధం. పైగా అలాంటి వాటి వెంట వైరస్‌లు కూడా వస్తాయి. ధర్మసమ్మతమైన దారి మూసుకుపోలేదు. లిబ్రె ఆఫీస్ ఉచితం. టాలీలో విద్యార్థులు నేర్చుకోవడానికి ఉచితమైన ఎడ్యుకేషనల్ విధానం ఉంది. తెలుగు, ఉర్దూ, అరబీ మూడూ యూనికోడ్‌లో టైపు చేసుకోవడానికి కావలసిన కీబోర్డులు విండోస్‌లోనే ఉన్నాయి, వేరే కొననవసరం లేదు. మదరసా విద్యార్థులకైతే వేలాది అరబీ గ్రంథాలున్న మక్తబా షామిలా కూడా ఉచితమే. మా యౌవనంలో ఒక్క గ్రంథం చూడడానికి ఊరు మారి వెళ్లిన రోజులు గుర్తుకు వచ్చి, నేటి పిల్లల అదృష్టానికి అల్లాహ్‌ను స్తుతిస్తాము.

వాడినది కొనవచ్చునా?

సోదరుడి వద్ద 22,000 రూపాయలున్నాయి. ఆ డబ్బుకు కొత్తది కొంటే మొదటి అంతస్తు నిండడం కష్టం. కార్యాలయాలలో మూడు నాలుగేళ్లు వాడి తీసివేసిన ల్యాప్‌టాప్‌లను బాగుచేసి అమ్మే దుకాణాలు విజయవాడలో, హైదరాబాదులో ఉన్నాయి. అవి గట్టి కట్టడం కలవి. చాలావాటిలో ర్యామ్, ఎస్.ఎస్.డి. మార్చుకోవచ్చు. 14 అంగుళాలవి కిలోన్నరకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి.

అయితే మూడు విషయాలు చూడాలి. ఒకటి, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి విండోస్ 11 అధికారికంగా నడిచే యంత్రమే కొనాలి. ఇంటెల్ అయితే స్థూలంగా ఎనిమిదవ తరం, ఆపై తరాలవి. "ఐ5" అని చెప్పి ఆరవ తరానిది అంటగట్టే ప్రమాదం ఉంది. రెండు, బ్యాటరీ. తయారైననాడు దాని సామర్థ్యం ఎంత, ఇప్పుడు నిండుగా ఛార్జి చేస్తే ఎంత అని చూపే నివేదికను విండోసే ఇస్తుంది. తెలిసినవారిని వెంట తీసుకువెళ్లి దానిని తీయించి చూడండి. మూడు, మడత కీలు, కీబోర్డులోని ప్రతి మీట, కెమెరా, ఛార్జింగు రంధ్రం. పది నిమిషాలు అక్కడే కూర్చుని పరీక్షించండి. సిగ్గుపడవద్దు.

అమ్మకంలో లోపం దాచడం గురించి దైవప్రవక్త (స) ఎంత కఠినంగా హెచ్చరించారో మనకు తెలుసు. సంతలో ధాన్యపు రాశిలో ఆయన చేయి పెడితే లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని అమ్మకందారు చెప్పాడు. అందరికీ కనిపించేలా తడి ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించి, మోసగించేవాడికి తమతో సంబంధం లేదని స్పష్టం చేశారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసు వాడిన ల్యాప్‌టాప్‌లు అమ్మే మన సోదరులు తమ దుకాణంలో ప్రతి ఉదయం గుర్తు చేసుకోవలసినది. నీరసించిన బ్యాటరీ కూడా రాశి అడుగున ఉన్న తడి ధాన్యమే.

కొనేవారికి కూడా షరీఅత్ రక్షణ కల్పించింది. కొన్న తరువాత ముందు చెప్పని లోపం బయటపడితే వస్తువును తిరిగి ఇచ్చే హక్కును 'ఖియారె ఐబ్' అంటారు. చూడకుండా కొన్న వస్తువును చూసిన తరువాత వద్దనే హక్కును హనఫీ ఫుఖహాలు 'ఖియారె రూయత్' అన్నారు. ఆన్‌లైన్‌లో కొనేవారు దీనిని గుర్తుంచుకోవాలి. "మూడు రోజులు చూసుకుని చెప్తాను" అని ముందే షరతు పెట్టుకోవడం 'ఖియారె షర్త్'. ఇమామ్ అబూ హనీఫా (రహ్) ఆ గడువును మూడు రోజులుగా నిర్ణయించారు. కాబట్టి వాడినది కొనేటప్పుడు మూడు రోజుల గడువు అడగండి. బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ కాలం రాయించుకోండి. ఎక్కడైనా అన్యాయం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

మూడవ ప్రశ్న: ఎలా చెల్లించాలి?

ఇప్పుడు ఆ రెండవ కాగితానికి వద్దాం. నెలకు 3,000 చొప్పున 12 నెలలు, మొత్తం 36,000. వస్తువు ధర కూడా 36,000. పైకి చూస్తే వడ్డీ కనిపించదు. అయితే బ్యాంకు ఉచితంగా అప్పు ఇస్తోందా?

లోపల జరిగేది ఇది. క్రెడిట్ కార్డు మీద సంవత్సరానికి 15 శాతం వడ్డీ అనుకుందాం. బ్యాంకు లెక్కలో అప్పు సుమారు 33,240 రూపాయలు. 12 నెలల వడ్డీ సుమారు 2,760. ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మకందారు 'తగ్గింపు' పేరుతో ముందే మినహాయిస్తాడు కనుక కలిపితే మళ్లీ 36,000 అవుతుంది. పైగా కార్డు మీద ఆ వడ్డీకి 18 శాతం జి.ఎస్.టి. పడుతుంది, అది దాదాపు 497 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఒక వాయిదా తప్పితే జరిమానా, ఆ బాకీ మీద మళ్లీ వడ్డీ.

ఇది మా అనుమానం మాత్రమే కాదు. సున్నా శాతం వడ్డీ పథకాలలో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో మరుగుపరచి వినియోగదారుని మీద వేస్తున్నారని, సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు రాసిన సర్క్యులర్‌లో పేర్కొన్నది. పేరు మార్చినంత మాత్రాన వస్తువు స్వభావం మారదు. బఖరా సూరాలో వడ్డీ గురించి వచ్చిన తీవ్రమైన హెచ్చరికను చదివినవారు ఈ ఒప్పందం మీద సంతకం చేసే ముందు తమ ప్రాంతంలోని ముఫ్తీ గారికి ఆ కాగితాలు చూపించి అడగాలి. బిల్లులో 'వడ్డీ' అనే గడి ఉంటే అడగవలసిన పని కూడా లేదు.

"అయితే బీదవాడు ఎలా కొనాలి?" అని ఆ సోదరుడు అడిగారు. న్యాయమైన ప్రశ్న. వద్దని చెప్పి ఊరుకుంటే సగం మాటే చెప్పినట్లు. దారులు ఉన్నాయి.

మొదటిది, ఆగడం. రెండు నెలలు ఆగితే కొంప మునగదు. ఆ రెండు నెలలు కళాశాల ల్యాబును, గ్రంథాలయంలోని కంప్యూటరును వాడుకోవచ్చు. రెండవది, పాట లేని చీటీ. పదిమంది సమానంగా డబ్బు వేసి, ఎవరి సొమ్మూ తగ్గించకుండా వంతుల వారీగా ఒక్కొక్కరు తీసుకోవడం. మూడవది, దుకాణదారే స్వయంగా వాయిదాల మీద అమ్మడం. నగదు ధరకంటే వాయిదా ధర కొంత ఎక్కువైనా, ఒకే ధరను ఆ బేరంలోనే ఖాయం చేసుకుని, ఆలస్యానికి జరిమానా లేకుండా ఉంటే ఫుఖహాలలో అత్యధికులు దానిని అనుమతించారు. అది సరుకు అమ్మకం, డబ్బు మీద డబ్బు కాదు. నాలుగవది ఖర్జె హసనా. దగ్గరివారి వద్ద వడ్డీ లేని అప్పు. అది ఎంత చిన్నదైనా, బావమరిది ఇచ్చినదైనా రాసుకోవాలి. ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు (2:282) అప్పు రాసుకోవడం గురించే ఉన్నదని మరచిపోకూడదు. రాత బంధుత్వాన్ని చెడగొట్టదు, కాపాడుతుంది.

మస్జిదు కమిటీలకు కూడా ఒక విన్నపం. ఒక్కొక్క మొహల్లాలో ఖర్జె హసనా నిధి ఏర్పరచి, అందులో కొంత భాగాన్ని విద్యార్థుల పనిముట్లకు కేటాయిస్తే, వడ్డీ కాగితం పట్టుకుని ఏ తండ్రీ మెట్ల మీద వేచి ఉండవలసిన అవసరం రాదు. వడ్డీ నిషిద్ధమని మిన్బర్ మీద నుండి చెప్పే మేమందరం దీనికి బాధ్యులమే.

కొన్న తరువాత

ఆ సోదరుడు రెండు కాగితాలనూ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఏం నిర్ణయించుకున్నారో చెప్పలేదు. మేమూ అడగలేదు. దాదాపు ఏడు వారాల తరువాత ఒక జుమా రోజున కనిపించి పక్కకు పిలిచారు. విజయవాడలో ఎనిమిదవ తరం ఐ5, 8 జి.బి. ర్యామ్, 256 జి.బి. ఎస్.ఎస్.డి. గల 14 అంగుళాల వాడిన ల్యాప్‌టాప్ 26,000 రూపాయలకు కొన్నామన్నారు. ఉన్న 22,000కు తోడు 4,000 బావమరిది వద్ద ఖర్జె హసనాగా, కాగితం రాసి తీసుకున్నారు. బ్యాటరీ మూడు గంటలకు మించి రావడం లేదు. ఆ సంగతి అమ్మినవారు ముందే చెప్పి, ధరలో తగ్గించారట. అలాంటి వ్యాపారులు ఇంకా ఉన్నందుకు సంతోషించాము.

ఇంట్లో వారు చేసుకున్న ఏర్పాటు మాకు మరింత నచ్చింది. పగలు, సాయంత్రం అమ్మాయిది. ఇషా తరువాత రెండు గంటలు అబ్బాయిది. పరీక్షల నెలలో పూర్తిగా అమ్మాయిదే. అది ఉండే చోటు ముందు గదిలోని బల్ల, గది మూలల్లో కాదు. ఆ నియమం ఇద్దరికీ సమానమే. మన ఇళ్లలో కాపలా నియమాలు ఆడపిల్లకు, స్వేచ్ఛ మగపిల్లవాడికి పంచే అలవాటు ఉంది. చూపును అదుపులో ఉంచుకోవాలన్న ఆదేశం నూర్ సూరాలో ముందు పురుషులకే వచ్చిందని గమనించాలి.

వెళ్లబోతూ ఆయన బిల్లు తీసి చూపించారు. సీరియల్ నంబరు ఉంది, మూడు నెలల వారంటీ ఉంది. కొన్నవారి పేరు దగ్గర ఆయన పేరు లేదు, కుమారుడి పేరు లేదు. కుమార్తె పేరు ఉంది. "అబ్బాయే రాయించాడండీ" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు కొద్దిగా వణికింది. మేము ఇంటికి వచ్చి మా కుమార్తెకు ఫోను చేశాము. ఆ పెన్సిలు గళ్ల పేజీ గురించి ఇన్ని సంవత్సరాలలో మొదటిసారి ఆమెతో మాట్లాడాము.

అల్లాహ్ మన సంపాదనలో శుభాన్ని, మన ఖర్చులో మితాన్ని, మన సంతానం మధ్య న్యాయాన్ని అనుగ్రహించుగాక. ప్రయోజనకరమైన జ్ఞానాన్ని వారికి ప్రసాదించుగాక. ఆమీన్.